'పుట్ అప్ విత్': వేగడం, సహించడం, సర్దుకుపోవడం – ఒక ఇంగ్లీషు క్రియ అనువాదంలో వక్త స్థానం

ఇంగ్లీషులో 'పుట్ అప్ విత్' మూడు చిన్న మాటల క్రియ. విడివిడిగా ఆ మూడు మాటలూ బడిపిల్లలకు కూడా తెలిసినవే: పెట్టు, పైకి, తో. మూడూ కలిసినప్పుడు వచ్చే అర్థం మాత్రం ఆ మూడింటిలో దేనిలోనూ కనిపించదు. కనుక నిఘంటువును ఆశ్రయించక తప్పదు. ద్విభాషా నిఘంటువుల సంప్రదాయం ఇటువంటి చోట సహించు, ఓర్చుకొను, భరించు అన్న మాటలను అందిస్తుంది. అర్థం తెలిసిపోయిందనుకొని పుస్తకం మూసేస్తాం. 'ఐ కాంట్ పుట్ అప్ విత్ హిమ్ ఎనీ లాంగర్' అన్న వాక్యాన్ని 'నేను అతనిని ఇంక సహించలేను' అని విద్యార్థి అనువదిస్తే తప్పు పట్టే పరీక్షకుడు ఉండడు. అయితే వంటింట్లో నిలబడి, చెల్లెలితో, భర్త గురించి ఒక తెలుగు స్త్రీ ఈ మాట అనవలసివస్తే 'ఇంక ఈయనతో వేగలేనే' అంటుంది. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న దూరం ఈ వ్యాసానికి విషయం.

ఆ దూరాన్ని గ్రాంథిక, వ్యావహారిక భేదంగా చెప్పి ఊరుకోవచ్చు. గిడుగు రామమూర్తి నాటి నుంచి మనకు అలవాటైన వివరణ అది. ఇక్కడ అది సగం మాత్రమే నిజం. 'సహించు' నేటి వ్యవహారంలో బతికే ఉన్న మాట. 'వేగు' కేవలం పల్లెటూరి మాట కాదు. ఒకే ఇంగ్లీషు క్రియ చేసే పనిని తెలుగు అనేక క్రియలకు పంచి ఇచ్చింది. ఆ పంపకం క్రియ సూచించే పనిని బట్టి జరగలేదు. మాట్లాడేవారు ఎవరి పక్షాన నిలబడి మాట్లాడుతున్నారన్న దానిని బట్టి జరిగింది. దీనిని గుర్తించని అనువాదం వ్యాకరణరీత్యా నిర్దోషంగా ఉంటూనే పాత్ర నోట మరొకరి మాట పెడుతుంది.

ముందుగా ఇంగ్లీషు క్రియ స్వభావం. షేక్స్పియర్ కాలంలో 'విత్' లేకుండా 'పుట్ అప్' అన్న రూపమే అవమానాన్ని ఓర్చుకోవడమన్న అర్థంలో వాడుకలో ఉంది. 'ఒథెల్లో' నాలుగో అంకం రెండో రంగంలో, ఇయాగో చేతిలో మోసపోయిన రాడరీగో తన సహనం నశించిందని చెప్పే మాటలలో ఈ ప్రయోగం కనిపిస్తుంది. అదే వాక్యంలో 'ఎండ్యూర్' అన్న లాటిన్ మూలపు క్రియ కూడా ఉండటం గమనించదగినది. సహించడానికి ఒక పెద్ద మాట, దిగమింగడానికి ఒక చిన్న మాట ఆనాడే పక్కపక్కన నిలిచాయి. అదే కాలంలో 'పుట్ అప్' అంటే కత్తిని తిరిగి ఒరలో పెట్టడం కూడా. 'రోమియో అండ్ జూలియట్' తొలి రంగంలో వీధి కొట్లాటను ఆపబోయే బెన్వోలియో ఆ అర్థంలోనే వాడతాడు. దూయవలసిన కత్తిని ఒరలో పెట్టడం, ఇవ్వవలసిన జవాబును లోపల దాచుకోవడం – ఈ రెండు ప్రయోగాలూ ఒకే ఊహకు దగ్గరగా ఉన్నాయి. అవమానాన్ని జేబులో వేసుకోవడం అన్న ఇంగ్లీషు పలుకుబడి కూడా ఈ కోవలోదే. 'విత్' తరువాతి కాలంలో వచ్చి చేరి, నేడు విడదీయరాని భాగమైంది.

నేటి వాడుకలో ఈ క్రియకు మూడు లక్షణాలు కనిపిస్తాయి. ఒకటి, దీనికి కర్మగా వచ్చేది ఎప్పుడూ చికాకు కలిగించేదే. అది మనిషి కావచ్చు, పొరుగింటి చప్పుడు కావచ్చు, వాతావరణం కావచ్చు. మంచిదానిని ఎవరూ 'పుట్ అప్ విత్' చేయరు. రెండు, ఈ క్రియ వ్యతిరేకంలోనూ, ప్రశ్నలోనూ, బాధ్యతను తెలిపే వాక్యంలోనూ సహజంగా ఒదుగుతుంది: ఇంక నావల్ల కాదు, ఎలా చేస్తున్నావు, తప్పదు చేయాలి. మూడవది అన్నిటికన్నా ముఖ్యం: ఇందులో కర్తకు ఎటువంటి గొప్పతనమూ దక్కదు. 'ఎండ్యూర్' చేసినవారిని మెచ్చుకుంటాం. 'పుట్ అప్ విత్' చేసినవారిని చూసి జాలిపడతాం, ఆశ్చర్యపోతాం, ఒక్కొక్కప్పుడు 'ఎందుకు చేయాలి?' అని నిలదీస్తాం. ఇది గుణాన్ని చెప్పే క్రియ కాదు. గొణుగుడును, ఒక హద్దును చెప్పే క్రియ.

ఇప్పుడు తెలుగు వైపు చూద్దాం. సహించు, ఓర్చు, తాళు, ఓపు, భరించు, తట్టుకొను – వరస పెద్దదే. ఇందులో మొదటి మూడింటికీ గుణవాచకాలు ఉన్నాయి: సహనం, ఓర్పు (పాత రూపం ఓరిమి), తాళిమి. ఇవి మన సాహిత్యం తరతరాలుగా పొగిడిన గుణాలు. ఒక క్రియ నుంచి సద్గుణానికి పేరు పుట్టినప్పుడు ఆ క్రియ తిరిగి ఆ సద్గుణపు బరువును మోస్తుంది. 'ఆమె అత్తగారి మాటలు సహించింది' అన్నప్పుడు సంఘటనతో పాటు ఒక యోగ్యతాపత్రం కూడా వినిపిస్తుంది. భార్య ఓర్పులో భూదేవితో సమానంగా ఉండాలన్న శ్లోకపాదం పెళ్లిపందిళ్లలో వినిపించే సమాజంలో ఈ క్రియ తటస్థంగా ఉండటం సాధ్యం కాదు. వ్యతిరేకంలో మరో చిక్కు వస్తుంది. 'సహించను' అన్నది అధికారం ఉన్నవారి మాట. 'క్రమశిక్షణారాహిత్యాన్ని సహించేది లేదు' అని ప్రధానోపాధ్యాయుడు అంటాడు, ప్రభుత్వం అంటుంది. 'సహించలేను' అన్నా అందులో ద్వేషపు ఛాయ ఉంటుంది. ఎదుటివారి ఉనికే గిట్టనప్పటి మాట అది. ఇంగ్లీషు క్రియలోని అలసట రెండింటిలోనూ లేదు.

భరించు కొంత నయం. అందులో భారం ఉంది, బరువు కింద వంగిన వీపు ఉంది. పొగడ్త తక్కువ. భర్త అన్న శబ్దానికి భరించేవాడన్న వ్యుత్పత్తిని చమత్కారంగా వాడుకోవడం మనకు పరిపాటి. ఆ చమత్కారం వెనుక ఉన్న వాస్తవంలో భరించేది ఎవరన్న ప్రశ్న వేరే వ్యాసానికి చెందుతుంది. ఓపు క్రియ నేడు 'ఓపలేను', 'ఓపిక' అన్న రూపాలలో ఎక్కువగా మిగిలి, శరీరబలానికి దగ్గరైంది. తట్టుకొను దెబ్బకూ వేడికీ చలికీ చెందిన మాట. మనుషుల విషయంలో వాడినా దెబ్బ ఊహ పోదు.

ఇక 'వేగు'. 'నీతో వేగలేకపోతున్నానురా', 'ఈ మోకాళ్ల నొప్పులతో వేగలేకపోతున్నాను', 'ఆ మనిషితో ఎలా వేగుతున్నావే తల్లీ?' – ఈ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చమంటే 'పుట్ అప్ విత్' తప్ప మరొకటి తోచదు. పోలిక అర్థంతో ఆగదు. ఇంగ్లీషులో 'విత్' ఎక్కడ ఉందో తెలుగులో 'తో' అక్కడే ఉంది. సహించు, భరించు క్రియలు ద్వితీయావిభక్తిని కోరుతాయి: అతనిని సహించు, బాధను భరించు. ఎదుటివారు అక్కడ కర్మ, బరువు మాత్రమే. వేగు అకర్మకం, తృతీయను కోరుతుంది. అతనితో వేగాలి. మాట్లాడు, పోట్లాడు, కాపురం చేయు – వీటి వెంట వచ్చే 'తో' యే ఇది. ఇద్దరు మనుషులు ఒకే కప్పు కింద ఉన్నారన్న సంగతిని ఆ విభక్తి ప్రత్యయం మోస్తుంది. రెండు వేర్వేరు కుటుంబాలకు చెందిన భాషలు ఒకే అనుభవానికి ఒకే రకమైన సంబంధార్థకాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కావచ్చు. ఈ యాదృచ్ఛికత అనువాదకుడికి దొరికిన పెన్నిధి.

ఈ క్రియ వ్యుత్పత్తి విషయంలో తొందరపడకూడదు. మూకుడులో గింజలు వేగడం ఒకటి. వేగుజాము, వేగుచుక్క అన్న మాటలలో ఉన్న తెల్లవారడం మరొకటి. రాత్రిని వేగించడమంటే తెల్లవారేదాకా గడపడం. కొన్ని చోట్ల 'ఏగలేను' అన్న రూపం కూడా వినిపిస్తుంది. దానిని కావ్యభాషలోని ఏగు, అంటే వెళ్లు, అన్న క్రియతో ముడిపెట్టాలని ఎవరికైనా అనిపించవచ్చు. సగటు వక్త చెవికి మాత్రం మూకుడే వినిపిస్తుందని నా అభిప్రాయం. 'వేయించుకు తింటున్నాడు', 'కాల్చుకు తింటున్నాడు' అన్న జాతీయాలు పక్కనే ఉండటం దీనికి ఆధారం. మూకుడులో ఉన్న గింజ ఎగిరి పడగలదు గాని పొయ్యిని ఆర్పలేదు. 'వేగు'లో ఉన్న నిస్సహాయత అదే, చిటపటా అదే.

'పడు' అన్న క్రియ కూడా దీనికి దగ్గర చుట్టమే. 'నీతో పడలేను', 'నేను ఎవరిచేతా మాట పడను', 'నోరు మూసుకొని పడి ఉండాలి' అన్నవి నిత్యం వినే వాక్యాలు. 'మాట పడను'లో ఉన్న ఆత్మగౌరవం 'వేగను'లో లేదు. అసలు 'వేగను' అని ఎవరూ అనరు. 'వేగలేను' అనే అంటారు. వేగకుండా ఉండటం ఒకరి ఇష్టాయిష్టాలలో లేదన్నట్లుగా ఆ క్రియ సంకల్పాన్ని తెలిపే వ్యతిరేకరూపాన్ని తనంతట తానే వదులుకుంది. ఇంగ్లీషులో 'ఐ వోంట్ పుట్ అప్ విత్ ఇట్' అని ఎదురుతిరిగే వాక్యానికి తెలుగు 'వేగు' పనికిరాదు. అక్కడ 'పడను' రావాలి: 'నేను పడను', 'ఎందుకు పడాలి?' ఈ చిన్న తేడా నాటక, నవలానువాదాలలో ఒక స్త్రీపాత్ర ఎప్పుడు అలసిందో, ఎప్పుడు తిరగబడిందో చెప్పే సరిహద్దురేఖ అవుతుంది. రెండు చోట్లా 'సహించలేను' అని రాసినవారు ఆ రేఖను చెరిపేసినట్లే.

మరొక క్రియ మిగిలి ఉంది: సర్దుకుపోవు. ఇది రూపంలోనే ఆసక్తికరమైనది. సర్దు అంటే చోటు చూసి అమర్చు. దానికి 'కొను' చేరగానే పని తన మీదికే తిరుగుతుంది. అమర్చవలసిన వస్తువు తానే అవుతుంది. ఆపైన 'పోవు' చేరి ఆ అమరికను ఆగకుండా సాగే పనిగా మారుస్తుంది. రైలుపెట్టెలో 'కాస్త సర్దుకోండి' అంటే ఒక్కసారి జరిగి కూర్చుంటే చాలు. 'సర్దుకుపోవాలమ్మా' అన్నదానికి గమ్యస్థానం లేదు. ఇంగ్లీషులో 'యూ విల్ జస్ట్ హావ్ టు పుట్ అప్ విత్ ఇట్' అన్న వాక్యానికి ఇదే సరైన తెలుగు. అక్కడ 'నీవు దానిని సహించవలసి ఉంటుంది' అని రాస్తే ప్రభుత్వ ఉత్తర్వులా ఉంటుంది. 'వేగాలి' అని రాస్తే చెప్పేవారు సానుభూతి చూపుతున్నట్లవుతుంది. సలహా ఇచ్చేవారికి కావలసినది ఆ రెండూ కావు.

ఇంతవరకు చూసిన ఉదాహరణలను పక్కపక్కన పెడితే ఒక చక్కని సూత్రం చేతికి అందినట్లనిపిస్తుంది. ఉత్తమపురుషలో వేగలేను, మధ్యమపురుషలో సర్దుకుపో, ప్రథమపురుషలో ఆమె సహించింది. బాధ పడేవారి నోట ఒక క్రియ, బాధ పడమని చెప్పేవారి నోట ఒక క్రియ, బాధ పడినవారిని తరువాత పొగిడేవారి నోట మరొక క్రియ. ఇంగ్లీషు ఒకే మాటతో నడిపే మూడు సందర్భాలను తెలుగు మూడు మాటలకు పంచింది. ఒకే ఇంట్లో ఒకే సాయంత్రం కోడలు 'వేగలేకపోతున్నా'నని, పుట్టింటివారు 'సర్దుకుపొమ్మ'ని, పొరుగువారు 'ఎంత సహనమో' అని మాట్లాడుకోవచ్చు. ముగ్గురూ ఒకే విషయం గురించి మాట్లాడుతున్నారన్న సంగతి ఆ మూడు క్రియలలో ఎక్కడా బయటపడదు.

అయితే పురుషను బట్టి చేసిన ఈ సూత్రం పూర్తిగా నిలవదు. 'ఆ మనిషితో ఎలా వేగుతున్నావే?' అన్న ప్రశ్న మధ్యమపురుషలోనిదే. 'ఆవిడ కాబట్టి వేగుతోంది' అన్నది ప్రథమపురుష. 'నేనే సర్దుకుపోయాను' అని ఉత్తమపురుషలో చెప్పుకునేవారు కోకొల్లలు. ఈ అపవాదాలను జాగ్రత్తగా చూస్తే సూత్రం సవరించుకుంటుంది. 'ఎలా వేగుతున్నావే' అన్న స్నేహితురాలు వినేవారి పక్షం చేరింది. ఆ వేడి తనకూ తగిలినట్లు మాట్లాడుతోంది. 'ఆవిడ కాబట్టి వేగుతోంది' అన్నవారికి ఆవిడ మీద కన్నా ఎదుటి మనిషి మీద అభిప్రాయం గట్టిగా ఉంది. 'నేనే సర్దుకుపోయాను' అన్న స్త్రీ తన జీవితం గురించి తన తల్లి మాటలలో మాట్లాడుతోంది. క్రియను నిర్ణయించేది పురుష కాదు, పక్షం. నిఘంటువు చేత చెప్పించలేని సమాచారం ఇదే. నిఘంటువులో ఆరోపానికి చోటు ఉంది, వక్తకు చోటు లేదు.

ఇంతకీ 'పుట్ అప్ విత్' గాని 'వేగు' గాని వాడాలంటే ముందుగా ఒక ఎరుక ఉండాలి: ఇది చికాకు, ఇది నాది కాదు, ఇది నా మీద పడుతోంది అన్న ఎరుక. పి. సత్యవతి కథ 'ఇల్లలకగానే' ఈ క్రియకు ముందరి దశను చూపే కథగా చదవవచ్చు. ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ గురించిన జానపద కథను ఆధారంగా చేసుకొని, ఇంటిని అద్దంలా తీర్చిదిద్దుకొనే పనిలో మునిగి తన పేరే మరిచిపోయిన గృహిణిని సత్యవతి సృష్టించారు. ఈ గృహిణి దేనితోనూ వేగడం లేదు. వేగలేకపోవడమన్న ఫిర్యాదు చేయడానికి కావలసిన 'నేను' ఆమె దగ్గర లేదు. ఈ కథను పరిచయం చేస్తూ ఇంగ్లీషులో ఎవరైనా ఆమె తన జీవితాన్ని 'పుట్ అప్ విత్' చేసిందని రాస్తే అది తప్పుడు వాక్యం. ఆమె సహించిందన్నా తప్పే. సర్దుకుపోవడం పరాకాష్ఠకు చేరి, సర్దుకున్న మనిషి ఆనవాలు లేకుండా పోయిన స్థితి అది. పేరు గుర్తుకొచ్చిన తరువాతనే ఆమెకు ఫిర్యాదు చేసే క్రియ ఏదైనా అవసరమవుతుంది. కథలోని శిల్పాన్ని గురించి చాలా చర్చ జరిగింది గాని, ఆ కథ ఏ క్రియలను వాడుకునే అవకాశాన్ని తన పాత్రకు ఇవ్వలేదో చూడటం కూడా ఒక పఠనపద్ధతి అని నా భావన.

సాహిత్యంలో మాట తప్పితే పాత్ర దెబ్బతింటుంది. న్యాయస్థానంలో మాట తప్పితే మనిషి దెబ్బతింటాడు. ఈ ఇంగ్లీషు క్రియ మన కుటుంబచట్టపు పరిభాషలోకి నేరుగా వచ్చి చేరింది కనుక ఈ ప్రస్తావన అవసరం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 1976 సవరణతో క్రూరత్వం విడాకులకు ఒక కారణమైంది. మానసిక క్రూరత్వమంటే ఏమిటన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు వి. భగత్, డి. భగత్ కేసు తీర్పులో ఇచ్చిన వివరణ తరువాతి తీర్పులకు ఒరవడి అయింది. అన్యాయానికి గురైన పక్షాన్ని అటువంటి ప్రవర్తనను 'పుట్ అప్ విత్' చేస్తూ కలిసి జీవించమని అడగడం సమంజసం కానంతగా పరిస్థితి ఉండాలి అన్నది అందులోని సారాంశం. 2007లో సమర్ ఘోష్, జయ ఘోష్ కేసు తీర్పు మానసిక క్రూరత్వానికి ఉదాహరణలను కూర్చినప్పుడు ఈ మాట మళ్లీ వచ్చింది. చెప్పుకోదగిన విషయం, ఈ రెండు కేసులలోనూ విడాకులు కోరినవారు భర్తలు. చట్టంలోని మాటకు లింగం లేదు. తెలుగు 'వేగు'కూ లేదు. మగవాళ్లూ 'మా ఆవిడతో వేగలేకపోతున్నా'మంటారు. లింగభేదం గట్టిగా ఉన్నది 'సర్దుకుపో'లోనే.

2019 నుంచి సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోనూ అందుబాటులోకి వస్తున్నాయి. కాబట్టి ఈ వాక్యానికి తెలుగు ఏమిటన్నది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 'అటువంటి ప్రవర్తనను సహిస్తూ కలిసి బతకమని' అన్నామనుకుందాం. సహనానికి మన సంప్రదాయం హద్దు పెట్టలేదు. ఎంత సహిస్తే అంత గొప్ప. అటువంటి కొలబద్దను చేతికిచ్చి 'సమంజసంగా ఎంతవరకు?' అని అడిగితే చదివేవారి మనస్సు ఇంకొంచెం సహించవచ్చునన్న వైపే మొగ్గుతుంది. 'సర్దుకుపోతూ' అంటే ఇంకా ప్రమాదం. దాంపత్యంలో మామూలుగా వచ్చే చిన్న చిన్న చికాకులు, కీచులాటలు, రోజువారీ ఒరిపిళ్లు విడాకులకు చాలవని సమర్ ఘోష్ తీర్పే చెబుతోంది. సర్దుకుపోవలసినవి అవి. క్రూరత్వం ఆ తట్టలో పడేది కాదు. ఇంగ్లీషు క్రియ ఈ రెండు తట్టలకూ వర్తిస్తుంది: పొరుగింటి రేడియోనూ 'పుట్ అప్ విత్' చేయవచ్చు, ఏళ్ల తరబడి సాగే వేధింపునూ చేయవచ్చు. తెలుగులో ఒకదానికి సర్దుకుపోవడం, రెండవదానికి వేగడం, పడటం. న్యాయమూర్తి పేరాలకు పేరాలు రాసి చూపవలసి వచ్చిన తేడా తెలుగు క్రియలలో ముందే ఉంది. ఈ ఒక్క చోట మాత్రం మూలభాష కన్నా లక్ష్యభాష దగ్గరే సన్నని పనిముట్టు ఉందని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

మరి తీర్పులో 'వేగుతూ' అని రాయవచ్చునా? రాయలేమనే అనుకుంటాను. వేగడం మనిషితో గాని, జబ్బుతో గాని. 'ప్రవర్తనతో వేగు' అన్న కూర్పు తెలుగు చెవికి ఆనదు. న్యాయభాష గంభీరత వేరు. ఆ వాక్యంలో నేను 'భరిస్తూ' అని రాస్తాను. అందులో పొగడ్త లేదు, సలహా లేదు, బరువు మాత్రమే ఉంది. కాని అదే కేసులో సాక్షి తెలుగులో చెప్పిన వాంగ్మూలం ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు సంగతి తిరగబడుతుంది. 'ఆయనతో వేగలేకపోయానండి' అన్న సాక్ష్యం 'ఐ కుడ్ నాట్ టాలరేట్ హిమ్' అని నమోదైతే, అలసిపోయిన మనిషి ద్వేషించే మనిషిగా మారిపోతుంది. 'ఐ కుడ్ నాట్ అడ్జస్ట్ విత్ హిమ్' అని నమోదైతే లోపం ఆమెదే అవుతుంది. ఈ రెండవది మరింత జరగడానికి వీలున్న పొరపాటు. ఎందుకంటే 'అడ్జస్ట్' మన నోట తెలుగు మాట అయిపోయింది.

ఇక్కడ ఒక చిన్న ప్రక్కదారి. తెలుగువారి వాడుకలోకి ఇంగ్లీషు పదబంధ క్రియలు రాకపోలేదు. చెకప్, పికప్, సెటప్, బ్రేకప్ అన్నీ వచ్చాయి. అన్నీ నామవాచకాలుగా మారి, వెనుక చేయు, అవు, చెప్పు వంటి తెలుగు క్రియను తగిలించుకున్నాయి. 'పుటప్' కూడా వచ్చింది. ఆఫీసుల్లో 'ఫైలు పుటప్ చేశారా?' అంటే పై అధికారి ముందు ఉంచారా అని. 'విత్' ఉన్న 'పుటప్' మాత్రం రాలేదు. వెనుక విభక్తిని మోసుకొచ్చే క్రియను నామవాచకంగా మలచడం కష్టమన్నది ఒక కారణం. రెండవది, ఆ చోటు ఖాళీగా లేకపోవడం. వేగు అక్కడ ఉంది. ఖాళీగా ఉన్నది సలహా చెప్పేవారి చోటు కూడా కాదు గాని, 'సర్దుకుపో' అనడానికి మొగమాటపడే కొత్త తరం పెద్దలకు మర్యాద తొడుగు కావలసి వచ్చింది. 'కొంచెం అడ్జస్ట్ అవ్వాలమ్మా' అన్న మాట ఆ అవసరంలోంచి వచ్చింది. ఫిర్యాదు చేసే క్రియ అచ్చతెలుగుగానే మిగిలింది. సర్దిచెప్పే క్రియ ఇంగ్లీషు నేర్చుకుంది. ఎవరికి చదువుకొనే అవకాశం ముందుగా వచ్చిందో ఈ రెండు క్రియల చరిత్ర చెబుతుందనడం అతిశయోక్తి కావచ్చు. అయినా ఆ అనుమానం నన్ను వదలలేదు.

వ్యతిరేకార్థంలోనే కాక ఈ క్రియ ప్రేమగా కూడా పలుకుతుందని చెప్పకపోతే పరిశీలన అసమగ్రమవుతుంది. 'వీడితో వేగలేక చస్తున్నాననుకోండి వదినా' అని రెండేళ్ల పిల్లవాడి గురించి చెప్పే తల్లి గొంతులో ఉన్నది ఫిర్యాదు కాదు, గర్వం. ఆ వాక్యంలో 'సహించలేక' అని పెట్టి చూస్తే తల్లి రాక్షసి అవుతుంది. ఇంగ్లీషులోనూ ఇంతే. ఇన్నేళ్లు నాతో ఎలా వేగిందో అని భార్య గురించి చెప్పుకునే భర్త మాటకు 'పుట్ అప్ విత్' తప్ప మరొకటి ఒదగదు. ఎదుటివారి ఓపికకు తన గడుసుతనమే కొలమానమని ఒప్పుకొనే వినయం ఆ మాటలో ఉంది. ఇంగ్లీషు పరిశోధనగ్రంథాల కృతజ్ఞతల పుటలలో, రాస్తున్నంతకాలం తనతో వేగినందుకు జీవితభాగస్వామికి కృతజ్ఞత చెప్పడం ఒక ఆనవాయితీగా మారింది. ఆ పుటలో వాడేది ఈ క్రియనే.

మన తెలుగు సిద్ధాంతగ్రంథాలలో అదే స్థానంలో ఉండే వాక్యం అందరికీ పరిచితమే: పరిశోధనకాలంలో నాకు అన్నివిధాలా సహకరించిన నా శ్రీమతికి. పర్యవేక్షకులకూ, గ్రంథాలయ సిబ్బందికీ, డి.టి.పి. చేసినవారికీ వాడిన క్రియనే ఆమెకూ వాడతాం. గ్రంథాలయ సిబ్బంది సహకరించిన మాట నిజమే. ఆమె చేసిన పనికి తెలుగులో వేరే క్రియ ఉంది; ఆ పుటలో అది నేటికీ అచ్చు కాలేదు. నా సిద్ధాంతగ్రంథంలో నేను రాసింది కూడా 'సహకరించిన' అనే.